బొమ్మలు అరువిచ్చు గ్రంథాలయము

కథ వ్రాయువానికి గల స్వేచ్ఛ ఆ కథకు బొమ్మ వేయువానికి లేదు. నాయనమ్మ వసారాలో కూర్చుండి చల్ల చిలుకుచుండెనని రచయిత ఒక్క వాక్యము వ్రాసి ముందుకు సాగిపోవును. చదువరి తాను చూచిన నాయనమ్మను, తన యింటి కవ్వమును అక్కడ నిలుపుకొనును, చిక్కు లేదు. అదే వాక్యమునకు బొమ్మ వేయవలసిన వాని అవస్థ వేరు. కవ్వమునకు త్రాడు ఎన్ని చుట్లు చుట్టుదురు? కవ్వము ఒరిగిపోకుండ గుంజకు కట్టిన కట్టు ఏ యెత్తున ఉండును? కుండ దొర్లకుండ క్రింద పెట్టిన కుదురు దేనితో చేసినది? కుడిచేయి వెనుకకు లాగినపుడు ఎడమచేయి ఎక్కడ ఉండును? రచయిత వీనిలో దేనినైనను చెప్పక విడువవచ్చును. చిత్రకారునికి విడుచుటకు వీలు లేదు. గీత గీసినచో అది కాగితముపై ఎక్కడో ఒకచోట పడి తీరవలెను. పడరానిచోట పడెనా, కవ్వమెరిగిన ముసలమ్మ ఒక్కతె చూచినను ఆ తప్పు బయటపడును.

గ్రంథాలయము చదువువారి కొరకే ఏర్పడినదని సామాన్యముగా మనము తలంతుము. చిత్రకారునికి అక్కడ ఏమి పని? రంగులు అంగడిలో దొరకును. చేతివాటము గురువు వలనను సాధన వలనను అలవడును. కాని పైన చెప్పిన చిక్కు రంగులతోను సాధనతోను తీరునది కాదు. తాను పుట్టకముందరి కాలమును, తాను అడుగుపెట్టని దేశమును, తాను ముట్టని పనిముట్టును బొమ్మలో చూపవలసినవానికి, ఎవరో ఒకరు చూచి దాచినది ఎదుట ఉండవలెను. కలిగిన చిత్రకారుడు అట్టి పుస్తకములను కొని ఇంట పెట్టుకొనును. బొమ్మకు ఇంతయని కూలి తీసికొని పొట్టపోసికొనువాడు ఎక్కడికి పోవలెను?

ఈ ప్రశ్నకు ఒక ప్రజా గ్రంథాలయము చెప్పిన సమాధానమును, ఆ సమాధానము నూరేండ్లకు పైగా నిలిచిన తీరును ఇచ్చట వివరింపదలచితిమి. ఆ గ్రంథాలయము మన దేశములోనిది కాదు. అమెరికాలోని న్యూయార్కు నగరమునకు చెందినది.

ఆ నగరపు ఐదవ ఎవెన్యూలో, మెట్లకు ఇరుప్రక్కల రెండు పాలరాతి సింహములతో కనబడు గ్రంథాలయ భవనము 1911లో తెరువబడినది. కొద్దికాలములోనే ఉద్యోగులకు ఒక సంగతి తెలియవచ్చెను. వచ్చువారిలో కొందరు పుస్తకమును అడుగుట లేదు, బొమ్మను అడుగుచున్నారు. అచ్చుకూటములవారు, నాటకములకు తెరలు వ్రాయువారు, దుస్తులకు నమూనాలు గీయువారు, వ్యాపార ప్రకటనలు వేయువారు, అపుడపుడే తల యెత్తుచున్న సినిమా పరిశ్రమవారు వచ్చి, ఫలానా కాలపు తలుపు గొళ్లెము ఎట్లుండెడిది, ఫలానా దేశపు పడవకు తెరచాప ఏ వైపున కట్టుదురు అను రీతి ప్రశ్నలు వేయుచుండిరి. గ్రంథాలయపు సూచికలో గ్రంథకర్తల పేర్లుండును, గ్రంథముల పేర్లుండును. గొళ్లెము ఏ గ్రంథపు ఏ పుటలో దాగినదో ఏ సూచికయు చెప్పదు. అందుచేత 1915లో అక్కడివారు బొమ్మలకే ప్రత్యేకముగా ఒక శాఖను నెలకొల్పిరి.

ఆ శాఖ పని చేయు పద్ధతి వినుటకు మిక్కిలి సులభమైనది. అట్టలూడి పనికిరాని పుస్తకములను, పాత పత్రికలను, కార్డులను, ప్రకటన కాగితములను సేకరింతురు. వానిలోని బొమ్మలను కత్తిరించి దళసరి కాగితముపై అంటింతురు. ఎందుండి తీసినదో దానిపై గుర్తు వ్రాయుదురు. ఆ బొమ్మలో కనబడు వస్తువును బట్టి ఒక శీర్షిక క్రింద చేర్చి, అట్ట ఫైళ్లలో అక్షరక్రమమున అమర్తురు. వచ్చినవాడు తన చేతితోనే ఫైలు తీసి, బల్లపై పరచుకొని చూచి, కావలసినవానిని ఏరుకొని పుస్తకము వలెనే ఇంటికి అరువు తీసికొనిపోవును. గ్రంథాలయములలో బ్లేడుతో బొమ్మలు కోసికొనిపోవు చదువరులను తిట్టని అధికారి లేడు. ఇక్కడ గ్రంథాలయమే కత్తెర చేతబట్టినది!

కత్తిరించి దాచుట మనకు క్రొత్త విద్య కాదు. వారపత్రికలలోని సీరియళ్లను చింపి, వరుసగా కూర్చి, బైండు చేయించుకొన్న ఇండ్లు తెలుగునాట కోకొల్లలు. దాచినది కథనే యైనను, కథతోపాటు బాపు వంటివారు వేసిన బొమ్మలును ఆ కుట్లలో నిలిచినవి. వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములు పాత పత్రికలను సంపుటములుగా కాపాడుచుండుట వలన, తాతల నాటి అచ్చుబొమ్మల తీరును నేటివారును చూడగలుగుచున్నారు. అయితే వీనియందు బొమ్మను వెదకుట పుటల వెంట పుటలు త్రిప్పు పనియే. న్యూయార్కువారు చేసిన క్రొత్తదనమంతయు శీర్షికలలో ఉన్నది.

నేడక్కడ పండ్రెండు వేలకు పైగా శీర్షికలు కలవు. బొమ్మలు పది లక్షలకు మించినవి. శీర్షికల పేర్లు కొన్ని వినుటకే వేడుక పుట్టించును. కరచాలనములకు ఒక ఫైలు. వెనుక నుండి మాత్రమే కనబడు మనుష్యులకు ఒకటి. విరిగిన వస్తువులకు ఒకటి. ఈత కొలనులకు, ప్రేలుళ్లకు, బ్యాంకులు మునిగి జనులు గగ్గోలుపడిన సందర్భములకు వేరువేరుగా ఫైళ్లు. ఇట్టివి పండితులు కూర్చుండి కల్పించిన విభాగములు కావు. అడుగవచ్చినవారి అవసరములలో నుండి పుట్టినవి. వెనుక నుండి చూచినపుడు కోటు ఏచోట ముడతపడునో తెలియగోరినవాడు తప్ప అట్టి ఫైలును ఇంకెవడు కోరును?

ఈ శాఖకు రూపు దిద్దిన వ్యక్తి రోమానా జావిట్స్. ఆమె చిత్రకళ అభ్యసించిన స్త్రీ. 1929 నుండి 1968 వరకు, దాదాపు నలుబదియేండ్లు, ఆమె ఈ శాఖకు అధిపతిగా నుండెను. బొమ్మను ఎవరు వేసిరి అనునది కాక, బొమ్మలో ఏమున్నది అనునదియే ముఖ్యమని ఆమె నిశ్చయము. మహాచిత్రకారుని చిత్రపు అచ్చుప్రతియు, సబ్బు ప్రకటనయు, యంత్రముల కేటలాగులోని పుటయు ఒకే ఫైలులో ప్రక్కప్రక్కన ఉండవచ్చును. కళావిమర్శకులకు ఇది అపచారముగా తోచవచ్చును. మాకు మాత్రము ఆమె పక్షమే న్యాయముగా తోచుచున్నది. కళాఖండములను పూజించుటకు ప్రదర్శనశాలలు ఉన్నవి. పనివానికి కావలసినది పూజామందిరము కాదు, పనిముట్ల కొట్టు.

అమెరికా దేశమున 1929 తరువాత ఆర్థికమాంద్యము వ్యాపించి, చిత్రకారులు వేలకొలది పనిలేక యుండిన కాలములో ఈ శాఖ నుండి మరియొక మేలు పుట్టినది. తమ దేశపు సామాన్యజనులు వాడిన వస్తువుల బొమ్మలు కావలెనని జనులు వచ్చి అడుగుచుండిరి. ఐరోపా రాజుల సింహాసనములకు బొమ్మలుండెను గాని, అమెరికా పల్లెవాసి కూర్చున్న కుర్చీకి సరియైన బొమ్మ దొరకకుండెను. ఈ కొరతను గూర్చి జావిట్స్, వస్త్రములకు నమూనాలు కల్పించు రూత్ రీవ్స్ అను కళాకారిణి కలిసి ఆలోచించి, పనిలేని చిత్రకారులచేత అట్టి వస్తువులను ఉన్నవి యున్నట్లు చిత్రింపజేయవలెనని సూచించిరి. 1935లో ప్రభుత్వము ఆ సూచనను చేపట్టెను. బొమ్మల గుడ్డలు, కుండలు, కొయ్య గుఱ్ఱములు, అతుకుల బొంతలు మొదలగు వాని నీటిరంగు చిత్రములు సుమారు 18,000 తయారైనవి. అవి నేడు వాషింగ్టనులోని జాతీయ చిత్రశాలలో ఉన్నవి.

ఈ ఫైళ్లను త్రిప్పినవారిలో లోకప్రసిద్ధులును కలరు. మెక్సికో దేశపు కుడ్యచిత్రకారుడు డియెగో రివేరా 1933లో రాక్‌ఫెల్లర్ సెంటరు గోడపై పెద్ద చిత్రమును తలపెట్టినపుడు, అందులోని యంత్రములు మొదలగు వాని కొరకు ఈ శాఖలోని బొమ్మలను వాడుకొనెను. ఆ చిత్రములో లెనిను ముఖమును చేర్చుటచే వివాదము చెలరేగి, యజమానులు 1934లో గోడను పగులగొట్టించిరి. రివేరా అదే యేడు దానిని మెక్సికో నగరమున తిరిగి వ్రాసెను. కొయ్యపెట్టెలలో చిన్నచిన్న వస్తువులను, కత్తిరించిన బొమ్మలను అమర్చి అపూర్వ లోకములను కల్పించిన జోసెఫ్ కార్నెల్ ఈ శాఖకు నిత్యాతిథి. ఆయన జీవితమున ఒక్కసారియైనను ఐరోపాకు పోలేదు. ఆయన పెట్టెలనిండ ఐరోపా నగరముల హోటళ్లే. ఆండీ వార్హోల్ 1950 ప్రాంతముల పత్రికలకు, పాదరక్షల ప్రకటనలకు బొమ్మలు వేయు కాలమున ఇక్కడి బొమ్మలను అరువు తీసికొనెడివాడు. వీరందరికంటె ఎక్కువమంది పేరులేనివారు. అట్టపెట్టెపై ముద్రించిన కోడిపుంజు ఎవరు వేసినదో ఎవరికిని తెలియదు. దానికి ఈక లెన్నియో వాడు ఇక్కడ కూర్చుండియే లెక్కించి యుండవచ్చును.

బొమ్మల శాఖ నుండి ఇక అదే నగరములోని వేరొక పేటకు పోవుదము. హార్లెము పేటలో నల్లజాతివారు విశేషముగా నివసింతురు. అక్కడి 135వ వీథిలో ఇదే గ్రంథాలయమునకు ఒక శాఖ ఉండెను. పోర్టోరికోలో జన్మించిన ఆర్టురో షోంబర్గ్ అను సంగ్రాహకుడు నల్లజాతివారి చరిత్రకు సంబంధించిన పుస్తకములను, చిత్రములను, వ్రాతప్రతులను తన జీతపు డబ్బుతో ఏండ్లకొలది ప్రోగుచేసెను. 1926లో కార్నెగీ సంస్థ ఇచ్చిన 10,000 డాలర్లతో ఆ సేకరణ అంతయు ఈ శాఖకు లభించెను. 1934లో ఏరన్ డగ్లస్ అను చిత్రకారుడు నల్లజాతి జీవితమును నాలుగు పెద్ద చిత్రములుగా వ్రాయగా వానిని ఆ శాఖలో నెలకొల్పిరి. చదువుకొనవచ్చిన పిల్లవాడు తల యెత్తినంతనే తనవారి చరిత్ర గోడపై కనబడుచుండెను.

ఆ పేటలో పెరిగినవాడు జేకబ్ లారెన్స్. 1917లో జన్మించి, పదుమూడేండ్ల ప్రాయమున హార్లెము చేరెను. పేదవాడు, ఉన్నత పాఠశాల చదువు పూర్తికాలేదు. హైతీ ద్వీపములోని బానిసల తిరుగుబాటుకు నాయకుడైన తూసాఁ లూవెర్‌త్యూర్ కథ ఆయనను ఆకర్షించెను. పాఠశాల పుస్తకములలో ఆ వీరుని పేరు లేదు. 135వ వీథి గ్రంథాలయమున ఉన్నది. లారెన్స్ అక్కడ కూర్చుండి చదివెను. చదివినకొలది ఆ కథ ఒక్క చిత్రమున ఇముడదని తేలెను. అందుచే నలుబదియొక్క చిత్రముల మాలగా వ్రాసి 1938లో ముగించెను. అప్పటికి ఆయన వయసు ఇరువదియొక్క యేండ్లు. పిదప ఫ్రెడరిక్ డగ్లస్, హేరియట్ టబ్మన్ అను మహనీయుల చరిత్రలును ఈ విధముగానే చిత్రమాలలైనవి.

1940లో లారెన్స్ తన తల్లిదండ్రుల తరము వారి కథను ఎత్తుకొనెను. దక్షిణ రాష్ట్రముల పొలములను విడిచి, రైళ్లెక్కి, ఉత్తరపు పట్టణములకు లక్షలకొలది వలసవచ్చిన నల్లజాతి జనుల కథ అది. ఇంటిలో విన్న మాటలు ఎట్లును ఉన్నవి. అవి చాలవని ఆయన నెలల తరబడి మరల ఆ గ్రంథాలయమునకే పోయి, నాటి వృత్తాంతములను చదివి వ్రాసికొనెను. తరువాత అరువది పలకలను ఒకేసారి పరచుకొని, ఒక రంగును అన్నింటికిని వేసిన పిమ్మటనే మరియొక రంగును చేపట్టెను. అందువలన మొదటి పలకలోని నలుపును కడపటి పలకలోని నలుపును ఒక్కటే. 1941 నాటికి పూర్తియైన ఆ చిత్రమాలను న్యూయార్కు, వాషింగ్టను నగరములలోని రెండు ప్రదర్శనశాలలు ముప్పదేసి చొప్పున పంచుకొన్నవి. అరువదింటికిని క్రింద వివరణ వాక్యములు కలవు. చదివినవాని బొమ్మలని చూచినంతనే తెలియును. లారెన్స్ 1960లో “గ్రంథాలయము” అను పేరనే ఒక చిత్రము వ్రాసెను. అందు గదినిండ పుస్తకములపై వంగిన తలలు.

పిల్లల పుస్తకములకు బొమ్మలు వేయువారి సంగతి కొంత వేరు. వారికి గ్రంథాలయము సామగ్రి ఇచ్చునది మాత్రమే కాదు, వారి పనిని కొని పదిమంది చేతులలో పెట్టునదియు నగును. అమెరికా గ్రంథాలయ సంఘములోని బాల గ్రంథాలయశాఖవారు 1938 నుండి ప్రతి సంవత్సరము ఉత్తమ బొమ్మల పుస్తకపు చిత్రకారునికి కాల్డెకాట్ పతకము ఇచ్చుచున్నారు. 1963లో అది ఎజ్రా జాక్ కీట్స్‌కు లభించెను. ఆయన బ్రూక్లిన్ పేటలోని పేద యూదు కుటుంబమున జన్మించినవాడు. 1940లో లైఫ్ పత్రికలో వచ్చిన ఒక నల్లజాతి చిన్నవాని ఛాయాచిత్రములను కత్తిరించి, ఇరువదియేండ్లకు పైగా తన వద్ద దాచెను. ఇది గ్రంథాలయపు కత్తెర కాదు, ఇంటి కత్తెర; పద్ధతి యొక్కటే. ఆ చిన్నవాడే 1962లో ఎఱ్ఱని చలికోటు తొడుగుకొని, మంచులో ఆడుకొను పీటరుగా “ది స్నోయీ డే” అను పుస్తకములోనికి వచ్చెను. న్యూయార్కు గ్రంథాలయమువారు 2020లో తమ నూటయిరువదియైదేండ్ల లెక్కలు తీయగా, అన్ని పుస్తకములకంటె ఎక్కువసార్లు అరువుపోయినది ఈ పుస్తకమే యని తేలెను. ఆ సంఖ్య 4,85,583.

అయితే పెట్టు చేతికి పెట్టకపోవు అధికారమును ఉండును. 1947లో వెలువడిన “గుడ్‌నైట్ మూన్” అను పుస్తకమునకు క్లెమెంట్ హర్డ్ బొమ్మలు వేసెను. నేడు అమెరికాలో ఆ పుస్తకము లేని పిల్లల ఇల్లు అరుదు. కాని ఇదే గ్రంథాలయమున బాలశాఖ పెద్దలకు అది నచ్చలేదు. 1972 వరకు కొనలేదు. ఇరువదియైదేండ్లు! గ్రంథాలయము చిత్రకారుని బ్రదికించునని చెప్పునపుడు ఈ సంగతిని దాచరాదని మా అభిప్రాయము.

అరువు పుస్తకము నూరుమంది చదివినను చిత్రకారునికి ముట్టునది ఒక్క ప్రతి వెల మీది భాగమే గదా యని అడుగువారు కలరు. డెన్మార్కు దేశము 1946లోనే దీనికి ఏర్పాటు చేసినది. బ్రిటనులో 1979లో చట్టము చేసిరి. 1984 నుండి ప్రతి అరువుకును కొన్ని పెన్నీల చొప్పున ప్రభుత్వము రచయితలకును, బొమ్మలు వేసినవారికిని చెల్లించుచున్నది. మన దేశమున ఇట్టి చట్టము లేదు.

మరల బొమ్మల శాఖకు వత్తము. 2021లో ఆ శాఖకు ఒక గండము వచ్చెను. ఫైళ్లను అందరు త్రిప్పు గదిలో నుండి తీసి, లోపలి భాండాగారమున భద్రపరతుమనియు, కావలసినవారు చీటీ వ్రాసి తెప్పించుకొనవలెననియు అధికారులు తలపెట్టిరి. వారి వాదనలో బలము లేకపోలేదు. నూరేండ్ల కాగితము పెళుసెక్కును; చేతులు మారినకొలది నలుగును; కొన్ని బొమ్మలు తిరిగి రావు. మాంద్యకాలమున అమెరికా ప్రభుత్వము తీయించిన గ్రామీణుల ఛాయాచిత్రములను, అవి ఎక్కడ నాశనము చేయబడునో యను భయమున, ఆ పనికి అధిపతియైన రాయ్ స్ట్రైకర్ వేలకొలదిగా జావిట్స్ వద్దకు పంపియుండెను. ఆనాడు అవి ఫైళ్లలోని బొమ్మలే. తరువాత వాని వెల ఊహకందనంత పెరిగెను. అట్టివానిని ఏరి వేరు శాఖలో భద్రముచేయుట సబబే.

కాని చిత్రకారులు, నమూనాలు గీయువారు, ఉపాధ్యాయులు ఒక్కమాటగా అభ్యంతరము చెప్పిరి. చీటీ వ్రాయుటకు వస్తువు పేరు తెలియవలెను. బొమ్మ వేయువానికి తరచు తెలియనిది అదియే. ఒక ఫైలులో వెదకుచుండగా ప్రక్క ఫైలు చేయి లాగును. అడిగినది దొరకకమునుపే అడుగనిది దొరకును. ఇంటర్నెట్టులో వెదకినచో క్షణములో వేయి బొమ్మలు వచ్చును, నిజమే. అయితే ఆ పదము కొట్టిన వేయిమందికిని మొదట కనబడునవి ఇంచుమించు అవే బొమ్మలు. ఇప్పుడు కోరినంతనే బొమ్మను కల్పించి ఇచ్చు యంత్రములును వచ్చినవి. అవి గీసిన కవ్వపు త్రాడు చూచుటకు చక్కగానే యుండును గాని, ఏ గుంజకును కట్టబడి యుండకపోవచ్చును. ఎందుండి తీసినదో తెలుపు గుర్తు దాని వెనుక ఉండదు.

ఆ యేడే అధికారులు తమ ఆలోచనను విరమించుకొనిరి. ఫైళ్లు తెరచిన గదిలోనే ఉన్నవి. కొన్ని వేల బొమ్మలను కంప్యూటరులోనికి ఎక్కించి, ఏ దేశమున నున్నవారైనను చూచుటకు వీలు కల్పించిరి. తక్కినవానికై ఆ బల్లల యొద్దకే పోవలెను. న్యూయార్కు రాష్ట్రమున నివసించువారికిని, అక్కడ పనిచేయువారికిని, చదువుకొనువారికిని గ్రంథాలయపు కార్డు ఉచితముగా ఇత్తురు. ఆ కార్డు చూపి బొమ్మలను ఇంటికి తీసికొనిపోవచ్చును. ఎందులకని అడుగువారు లేరు.